మనాలీ మంచులోకి సొంత బండి తీసుకెళ్ళేవాళ్ళ కోసం

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో డిసెంబర్ సెలవలకి సొంత కారులో మనాలీ, కాశ్మీర్ వెళ్ళేవాళ్ళకి సలహాలని ఒక పేజీ వేశారు, హోటళ్ళు, స్వెటర్లు, పిల్లలకి ఏ మందులు పట్టుకెళ్ళాలి అన్నీ బాగానే రాశారు గాని చివర్లో ఒక లైన్ ఉంది చూడండి, ఎస్‌యూవీ అయితే మంచులో బెంగ లేదు అని, అది చదివిన దగ్గర్నుంచి నాకు మనసు కుదురుగా లేదండి. నాది విజయవాడ పటమట. 22 ఏళ్ళుగా ట్రావెల్స్ బండ్లు నడుపుతున్నా, మన వాళ్ళని తీసుకుని నాలుగు చలికాలాలు హిమాచల్, రెండు సార్లు కాశ్మీర్ వెళ్ళొచ్చా. నేను ఇంజినీర్ని కాదు, కానీ మంచులో బండి జారేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి మాట వినకపోతే లోపల కూర్చున్నవాళ్ళ మొహాలు ఎట్టా ఉంటాయో నేను చూశాను, అందుకే రాస్తున్నా.

ముందు మంచు అనే మాట దగ్గరే మనకి తేడా వస్తుంది. మనకి మంచు అంటే సంక్రాంతి ముందు తెల్లారుజామున గుంటూరు హైవే మీద కమ్మేసే పొగమంచు, అందులో ఎదురుగా ఏముందో కనపడదు అంతే, కింద రోడ్డు రోడ్డులాగే ఉంటది, బ్రేక్ వేస్తే బండి ఆగుద్ది. అక్కడ తిరగేసి ఉంటది. ఎండ కాస్తా ఉంటది, కొండలన్నీ కళ్ళకి కట్టినట్టు కనపడతాయి, చక్రం కింద రోడ్డే ఉండదు. దాన్లో మళ్ళీ రకాలు, రాత్రి పడింది పొద్దున్నే బియ్యప్పిండిలా పొడిపొడిగా ఉంటది, అది కొంత నయం, బండ్లు తొక్కేకొద్దీ గట్టిపడుద్ది, మధ్యాహ్నం కరిగి బురదబురద అవుద్ది, సాయంత్రం నాలుగు దాటి ఎండ కొండ వెనక్కి పోగానే ఆ నీళ్ళే గడ్డకట్టి గాజు పలక అవుతాయి. అన్నిటికన్నా ప్రాణాంతకం ఆ చివరిదే. పల్చటి పొర, కింద తారు నల్లగా కనపడుతుంది కాబట్టి తడి రోడ్డే కదా అనుకుంటాం, బ్లాక్ ఐస్ అంటారు దాన్ని. వంతెనల మీద ముందు కడుతుంది, పైనుంచీ కిందనుంచీ కూడా చల్లగాలి తగులుద్ది కాబట్టి.

లెక్కలో చెప్పాలంటే 40 స్పీడ్లో వెళ్తా బ్రేక్ వేస్తే పొడి రోడ్డు మీద ఎనిమిది, తొమ్మిది మీటర్లలో ఆగే బండి గట్టిపడ్డ మంచు మీద 25 మీటర్ల దాకా పోద్ది, ఐస్ మీద అయితే 60 మీటర్లు దాటిపోద్ది. మన దగ్గర వానాకాలం పల్నాడు రేగడి చేలల్లో బండి పెట్టినవాళ్ళకి ఈ బాధ సగం తెలుసు, టైరు గాళ్ళలో మట్టి నిండిపోయి నున్నటి గుండు టైరు అయిపోద్ది, ఎంత తొక్కినా ఉన్నచోటే తిరుగుద్ది. కాకపోతే రేగట్లో ఇరుక్కుంటే ట్రాక్టర్ తెప్పిస్తాం, అక్కడ పక్కన లోయ ఉంటది.

2018 జనవరిలో నా చేతుల్లోనే జరిగిందండి. ఏడు సీట్ల పెద్ద బండి, బయటకి చూస్తే కొండలు పిండి చేసేట్టు ఉంటది, ఇంజిన్ బలం వెనక చక్రాలకే పోయే రకం, వెనక చక్రాల బండి అంటాం. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు చిన్న పిల్లలు, ఒక పెద్దావిడ. మనాలీ నుంచి సోలాంగ్ వెళ్ళే దారిలో చిన్న ఎత్తు వచ్చింది, మన ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ముందు అది ఎత్తే కాదు, అక్కడ బండి ఎక్కలేదు. తొక్కేకొద్దీ వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, వెనక భాగం మెల్లమెల్లగా అంచు వైపు జరుగుతోంది, భయమేసి బ్రేక్ మీద కాలు పెట్టా, నాలుగు చక్రాలూ ఆగినయ్యి, బండి మాత్రం ఆగలేదు, ఆగిన చక్రాలతోనే వెనక్కి జారుతోంది. పెద్దావిడ దుర్గమ్మ తల్లీ దుర్గమ్మ తల్లీ అంటానే ఉంది, పిల్లలు ఏడవడం కూడా మర్చిపోయారు. వెనక బండి వాళ్ళు దూకి చక్రాల కింద రాళ్ళు పెడితే ఆగింది. అదే టైంలో మా పక్కనుంచి లోకల్ నంబరున్న ఒక పాత ఆల్టో, చిన్న బండి, చక్కగా సెకండ్ గేర్లో శబ్దం కూడా లేకుండా ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ఆల్టో అతనే పైన పెట్టి కిందకి నడిచొచ్చాడండి, పల్చాన్ ఊరతను. అతను హిందీలో చెప్పింది నాకు ఇప్పటికీ పాఠంలాగే ఉంది. నీ బండి చక్రాల్లో ఇంజిన్ తిప్పేవి ఏవి, వాటి నెత్తిన బరువెంత, ముందు ఇది చూసుకో అన్నాడు. ఆల్టో, స్విఫ్ట్, డిజైర్, ఇయ్యన్నీ ముందు చక్రాల బండ్లు, ఇంజినూ గేర్‌బాక్సూ ఆ తిరిగే చక్రాల మీదే కూర్చుంటాయి, బండి బరువులో ఇంచుమించు 60 శాతం ముందే ఉంటది, అందుకని రోడ్డుని పట్టుకుంటాయి, పైగా సన్నటి టైర్లు మంచుని కోసుకుని కిందకి దిగుతాయి. వెనక చక్రాల బండిలో బరువు ముందుంటే లాగాల్సిన చక్రాలు వెనక తేలిగ్గా ఉంటాయి, బొలేరో, ఇన్నోవా క్రిస్టా, ఈకో, టెంపో ట్రావెలర్ అన్నీ ఈ కోవే. ఇవి చెడ్డ బండ్లని కాదు, మన ఎండలో ఫుల్లు లోడుతో వెళ్ళడానికి వీటిని మించినవి లేవు, మంచు వీటి చోటు కాదు అంతే. వెనక డిక్కీలో బరువుంటే కొంచెం నయం, అందుకే చలి దేశాల్లో ఇట్టాంటి బండ్ల వాళ్ళు వెనక ఇసుక మూటలు వేసుకుంటారు. ముందు చక్రాల బండికీ హద్దుంది, బాగా నిటారు ఎత్తొస్తే బరువు వెనక్కి పడి అది కూడా చేతులెత్తేస్తుంది.

జారే తీరు కూడా రెండిటిదీ వేరండి. ముందు చక్రాల బండి మలుపులో జారితే స్టీరింగ్ తిప్పినా తిరక్కుండా నేరుగా పోద్ది, అప్పుడు యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కొద్దిగా నేరుకి తెస్తే మళ్ళీ పట్టు దొరుకుద్ది, కంగారులో ఇంకా ఇంకా తిప్పితే దొరకదు. వెనక చక్రాల బండికి తోక జారుద్ది, తోక ఎటు పోతే స్టీరింగ్ మెల్లగా అటే తిప్పాలి, తొక్కడం తగ్గించాలి. రెండిట్లోనూ గబుక్కున చేసే పని ఏదైనా సరే, బ్రేక్ గాని క్లచ్ వదలడం గాని, అదే ముంచుద్ది. గోదారి పడవలో లేచి నిలబడేటప్పుడు ఎంత నెమ్మదిగా లేస్తామో అట్టా నడపాలి.

ఇక మీరు రాసిన ఎస్‌యూవీ. ఎస్‌యూవీ అనేది ఆకారం పేరండి, దాని కింద ఏ చక్రాలు తిరుగుతాయో ఆ పేరు చెప్పదు. మన బెంజ్ సర్కిల్లో పది నిమిషాలు నిలబడితే కనపడే ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం ముందు చక్రాలవే, కొన్ని వెనక చక్రాలవి, నాలుగూ తిరిగేవి, ఫోర్ బై ఫోర్ అంటారు వాటిని, చాలా తక్కువ. థార్ అనగానే అందరూ ఫోర్ బై ఫోర్ అనుకుంటారు, 2023 జనవరి నుంచి అందులో వెనక చక్రాల రకం కూడా వచ్చింది, బయటకి రెండూ ఒకేలా ఉంటాయి, లోపల గేర్ రాడ్ పక్కన ఫోర్ వీల్ లీవర్ ఉందో లేదో చూసుకోవాలి. ఫార్చూనర్లో కూడా రెండు రకాలూ ఉన్నాయి. జిమ్నీ మాత్రం ఏది కొన్నా ఫోర్ బై ఫోరే. ఇన్నోవాలో క్రిస్టా వెనక చక్రాలది, హైక్రాస్ ముందు చక్రాలది, పేరులో ఇన్నోవా అని ఉంది కదాని రెండిటినీ ఒకేలా నడిపితే కుదరదు. ఈమధ్య ముందు చక్రాల బండ్లలో కూడా స్నో అని ఒక బటన్ ఇస్తున్నారు, అది నొక్కితే ఇంజిన్ కాస్త మెత్తగా లాగుతుంది, జారే చక్రాన్ని పట్టుకుంటుంది, అంతేగాని వెనక చక్రాలకి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది.

నిజంగా నాలుగు చక్రాలూ తిరిగే బండే ఉందనుకోండి, అప్పుడు కూడా బెంగ లేదనడం తప్పేనండి, నా ఉత్తరంలో ఒక్క ముక్కే వేసే చోటుంటే ఇదే వేయండి. ఫోర్ బై ఫోర్ బండి కదలడానికీ ఎక్కడానికీ పనికొస్తుంది, ఆగడానికి పనికిరాదు. ఆల్టోకైనా నాలుగు చక్రాలకే బ్రేకులు, జిమ్నీకైనా నాలుగు చక్రాలకే బ్రేకులు, ఆపేది టైరూ రోడ్డూ. బరువు ఎక్కువున్నంత మాత్రాన జారడం మొదలుపెట్టిన బండి తొందరగా ఆగదు. పైగా ఎక్కేటప్పుడు ఇబ్బంది లేకుండా ఎక్కేస్తుంది కాబట్టి రోడ్డు బాగానే ఉందని డ్రైవర్ మోసపోతాడు, మిగతా బండ్లు కిందే ఆగిపోయిన చోటుకి ఇతను పైకి వెళ్ళి దిగేటప్పుడు మలుపులో దొరికిపోతాడు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ దిగుడులోనే జరిగినయ్యి. దిగేటప్పుడు ఫస్ట్ గాని సెకండ్ గాని వేసుకుని ఇంజినే బండిని పట్టుకునేట్టు దిగాలి, బ్రేక్ పెడల్ని కాలి బొటనవేలితో తాకినట్టు తాకాలి. లీవర్‌తో వేసే పాత పద్ధతి ఫోర్ బై ఫోర్‌ని మంచు దాటి పొడి రోడ్డు రాగానే టూ వీల్‌కి మార్చాలి, లేకపోతే ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుని గేర్లు పాడవుతాయి, మలుపుల్లో బండి బిగుసుకుపోద్ది.

టైర్ల సంగతి మన పేపర్లలో ఎవరూ రాయరు, అసలు కథ అక్కడే ఉంది. మన టైర్ల రబ్బరు 45 డిగ్రీల ఎండకి తట్టుకునేట్టు చేసింది, 7 డిగ్రీల కన్నా కిందకి పోతే గట్టిపడిపోయి రోడ్డుని పట్టుకోదు. చలి దేశాల్లో వింటర్ టైర్లని వేరే ఉంటాయి, ఆ రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటది, టైరు నిండా బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలుంటాయి, అవి మంచుని కరుచుకుంటాయి, టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు గుర్తు ఉంటది. మామూలు టైర్లున్న ఫోర్ బై ఫోర్ కన్నా నాలుగు వింటర్ టైర్లున్న చిన్న ముందు చక్రాల బండి ముందే ఆగుద్ది. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలం ఈ టైర్లు లేకుండా బండి తీయకూడదని చట్టమే ఉంది, అక్కడ ఎవరూ నాది ఎస్‌యూవీ అని తప్పించుకోలేరు. మన ఆటోనగర్లో దొరకని వస్తువు లేదంటారు గాని ఆ టైర్లు నాకు దొరకలేదండి, అవసరం లేదు కదా ఇక్కడ.

కాబట్టి మనకి ఉన్న దారి చైన్లు, టైరు చుట్టూ బిగించే ఇనప గొలుసులు. మనాలీలో అద్దెకి ఇస్తారు, కాశ్మీర్లో మంచు పడ్డాక తంగ్‌మార్గ్ దగ్గర చైన్లు లేకపోతే గుల్మార్గ్ పైకి వదలరు. చైన్లు తిరిగే చక్రాలకే వేయాలి, డిజైర్‌కి ముందు, క్రిస్టాకి వెనక. ఇది తెలియక మొదటిసారి నేను స్టీరింగ్ ముందుంటది కదాని వెనక చక్రాల బండికి ముందు చైన్లు వేసి బయల్దేరా, వంద మీటర్లు కూడా పోలేదు. వేశాక కొంచెం దూరం నడిపి దిగి మళ్ళీ బిగించాలి, 40, 50 స్పీడ్ దాటకూడదు, తారు కనపడగానే తీసేయాలి లేకపోతే తెగి చక్రం లోపల బ్రేక్ పైపుని కొట్టుద్ది. ఇంకోటి, చైన్లు వేయడం విజయవాడలోనే ఇంటి ముందు ఒకటికి రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి, మైనస్ 5 లో వేళ్ళు తిమ్మిరెక్కి చీకట్లో నేర్చుకోవడం ఎవరివల్లా కాదు.

ఏబీఎస్ ఉంది కదా అనే మాట కూడా వింటుంటా, గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రం లాకవకుండా చూసేది. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఉంటది, మంచిదే, బ్రేక్ తొక్కినా స్టీరింగ్ తిరుగుద్ది, కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటే భయపడి వదిలేయకండి. కానీ వదులు మంచులో ఏబీఎస్ ఉన్న బండి ఇంకాస్త దూరం పోయే ఆగుద్ది, ఎందుకంటే చక్రం లాకైతే ముందు మంచు పోగుపడి అడ్డం కట్టేది, ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతానే ఉంటది కాబట్టి అది పోగుపడదు. ఎలక్ట్రిక్ బండ్ల గురించి చాలామంది అడుగుతున్నారు, మంచులో అవి పనికిరావనేది తప్పు, నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే, అక్కడ మంచుకేం తక్కువ. బ్యాటరీ బరువు కింద ఉండటం మేలే, కాకపోతే కాలు తీయగానే బండిని వెనక్కి లాగే రీజెన్ ఉంటది చూడండి, ఐస్ మీద అదే బ్రేక్ వేసినట్టు చక్రాన్ని జారుస్తుంది, దాన్ని బాగా తగ్గించి పెట్టుకోవాలి. చలికి రేంజ్, అంటే ఒక ఛార్జికి వెళ్ళే దూరం, పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడిపోద్ది, హీటర్ కూడా ఆ బ్యాటరీదే తింటది. కొండ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎంత మిగిలిందో చూసుకుంటా ఉండాలి.

మన వైపు బండ్లకి ప్రత్యేకంగా ఉన్న జబ్బు రేడియేటర్లో కుళాయి నీళ్ళు. ఇక్కడ వేడి తప్ప చలి బాధ లేదు కాబట్టి చాలామంది కూలెంట్ తగ్గితే బిందెలోంచి ఒక చెంబు పోసేస్తారు. నీళ్ళు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, ఆ బలానికి రేడియేటర్ ఏంటి ఇంజిన్ బ్లాకే పగిలిద్ది. బయల్దేరే ముందు మొత్తం తీసేయించి నీళ్ళు కలపని రకం కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయించండి, మైనస్ 30 దాకా ఢోకా ఉండదు. డీజిల్ బండ్లకి ఇంకోటి, చలికాలం పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టు బాగా చలి ముదిరితే డీజిల్లో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోద్ది. అందుకే ఇండియన్ ఆయిల్ వాళ్ళు లదాఖ్ కోసం 2019లో మైనస్ 33 దాకా గడ్డకట్టని చలికాలం డీజిల్ తెచ్చారు. కింద నింపిన ట్యాంకుతో బాగా చలిగా ఉన్న పైచోట్లకి పోవద్దు. టైర్లలో గాలి చలికి తగ్గుద్ది, ఎత్తుకి పెరుగుద్ది, ఇక్కడ పెట్టించిన లెక్క అక్కడ పనికిరాదు, అక్కడే పొద్దున బండి తీసే ముందు చూపించుకోండి. రాత్రి హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే పొద్దున్నకి పట్టేసి ఉండొచ్చు, గేర్లో పెట్టి చక్రానికి రాయి పెట్టుకోండి. అద్దం మీద మంచుకి వేడినీళ్ళు పోయకండి, అద్దం చిట్లిద్ది.

ఇప్పుడు చెప్పేది ప్రాణాల సంగతి. మన డ్రైవర్లకి బస్టాండ్ దగ్గర ఏసీ వేసుకుని ఇంజిన్ ఆన్‌లోనే పడుకునే అలవాటు ఉంది. మంచులో బండి ఇరుక్కుపోయి రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే అదే పని చేయకండి, పడే మంచు సైలెన్సర్‌ని మూసేస్తే పొగ బండి లోపలకి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. 2022 జనవరిలో పాకిస్తాన్లో ముర్రీ అనే కొండ ఊళ్ళో మంచు చూడటానికి వెళ్ళి రోడ్డు మీద కార్లలో ఇరుక్కుపోయి 20 మందికి పైగా చనిపోయారు, పిల్లలతో సహా. మన దగ్గర 2024 డిసెంబర్లో సోలాంగ్, అటల్ టన్నెల్ దగ్గర వెయ్యి బండ్ల దాకా ఇరుక్కుంటే పోలీసులు జనాన్ని తీసుకొచ్చారు. ఇంజిన్ వేయక తప్పదంటే ముందు దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తీసేసి, గాలి తగిలే వైపు కాకుండా రెండో వైపు అద్దం వేలెడంత దించి, పది నిమిషాలు వేసి ఆపేయండి, అందరూ ఒకేసారి పడుకోవద్దు. దుప్పట్లు, నీళ్ళు, తినేవి డిక్కీలో కాదు లోపల ఉంచుకోండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన జిల్లాల్లో ఇంటింటికీ ఉన్నారు కదా, వాళ్ళకీ ఒక మాట. 2021 ఫిబ్రవరి 11న డాలస్ పక్కన ఫోర్ట్‌వర్త్‌లో పొద్దున్నే రోడ్డు మీద పల్చటి ఐస్ కట్టి 130కి పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు పోయారు. అందులో పెద్ద పికప్‌లు, లారీలు కూడా ఉన్నాయి. మిచిగాన్, షికాగో వెళ్ళే పిల్లలు సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు వెనక చక్రాల స్పోర్ట్స్ కార్లు చౌకగా దొరికినయ్యని తీసుకోవద్దని చెప్పండి, ఆ డబ్బుకి ఒక మామూలు ముందు చక్రాల కారూ నాలుగు వింటర్ టైర్లూ వస్తాయి.

మీరు ఆ లైన్ చెడు ఉద్దేశంతో రాయలేదని తెలుసండి, కానీ మీ పేపర్లో అచ్చయింది కాబట్టి జనం నమ్ముతారు. దాన్ని సరిచేసి వేయండి, చోటుంటే ఏ బండి ఏ చక్రాల రకమో, చైన్లు ఎక్కడ వేయాలో కూడా వేయండి. నేనిది ఆదివారం రాత్రి రాయడం మొదలుపెట్టలేదు, సోమవారం పొద్దున ఒక ఫోన్ వచ్చాక మొదలుపెట్టా. 2018లో నా బండిలో వెనక్కి జారిన ఆ బ్రాడీపేట ఆయనే, ఇప్పుడు కొత్త ఎస్‌యూవీ కొన్నారంట, పేపర్ చూశాను, ఈసారి డ్రైవర్ లేకుండా మేమే వెళ్దాం అనుకుంటున్నాం అన్నారు. ముందు చక్రాలా వెనక చక్రాలా సార్ అని అడిగితే, ఎస్‌యూవీ అండి, పెద్దదే అన్నారు. డిసెంబర్ 20న బయల్దేరుతున్నారంట. దయచేసి ఆ లోపు వేయండి.

ఇట్లు
ఒక ట్రావెల్స్ డ్రైవర్,
పటమట, విజయవాడ